పక్కింటావిడ బీట్‌రూట్ నీళ్ళు

కిందటి వారం మా చిన్నమ్మాయి కాలేజీ నుంచి వస్తూ ఒక ప్యాకెట్ తెచ్చింది. లోపల ముదురు ఎరుపు పొడి. మీద పోలండ్ వాళ్ళ సంప్రదాయ సూపర్‌ఫుడ్ అనీ, ఇక్కడి మిషిగన్ పొలాల్లోనే పండించిందనీ, రక్తానికీ గుండెకీ మేలనీ రాసి ఉంది. "మమ్మీ, డైలీ ఒక స్పూన్ వాటర్‌లో కలిపి తాగు, నీ బీపీకి గుడ్ అంట," అంటూ తనే గ్లాసులో కలిపింది. నీళ్ళు ఆ రంగుకి తిరగడం చూశాను. గ్లాసు అందుకుని నేరుగా సింకు దగ్గరికి వెళ్ళి పారబోశాను. "ఇట్స్ జస్ట్ బీట్స్, మమ్మీ!" అంది పిల్ల బిత్తరపోయి. నిజమే, ఒట్టి బీట్‌రూటే. అది పొత్తిళ్ళలో ఉన్నప్పుడు, ఇదే సింకులో, ప్రతి శుక్రవారం నేను ఇదే పని చేశానని దానికెలా చెప్పను?

మేము ట్రాయ్‌లో ఈ ఇల్లు కొనుక్కున్నప్పుడు పక్కింట్లో ఒక పోలిష్ పెద్దావిడ ఒక్కతే ఉండేది. భర్త కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరై, పోయి చాలా కాలమైంది. కూతురు షికాగోలో. ఇరుగుపొరుగంతా పచ్చగడ్డి పెంచి, కోసి, మళ్ళీ పెంచుకుంటుంటే ఈవిడ మాత్రం పెరడంతా తవ్వి బీట్‌రూట్, క్యాబేజీ, సోయాకూర వేసేది. కంచె పొడుగునా అరోనియా అని నల్లటి పళ్ళ పొదలు. ఆ పండు ఒకటి నోట్లో వేసుకున్నానంటే పచ్చి వెలక్కాయ తిన్నట్టు గంటసేపు నాలుక పిడచకట్టుకుపోయేది. బీట్‌రూట్ రక్తానికి, ఊరేసిన క్యాబేజీ పొట్టకి, అరోనియా గుండెకి అని నన్ను కంచె దగ్గర నిలబెట్టి పాఠం చెప్పేది. మందుల షాపంటే మాత్రం ఆవిడకు గిట్టదు. తన బీపీ బిళ్ళలు వేసుకుంటే కాళ్ళు వాస్తున్నాయని, కళ్ళు తిరుగుతున్నాయని సణుగుతూనే మింగేది.

చిన్నది పుట్టాక నాకు రక్తం బాగా తగ్గిపోయింది. మెయిల్‌బాక్స్ దాకా వెళ్ళొస్తే ఆయాసం. ఒకరోజు అలాగే డ్రైవ్‌వేలో చతికిలపడిపోతే కిటికీలోంచి చూసినట్టుంది, ఆ శుక్రవారం తలుపు తట్టింది. చేతిలో పెద్ద గాజు సీసా. బీట్‌రూట్ ముక్కలు, వెల్లుల్లి, బిర్యానీ ఆకు ఉప్పునీళ్ళలో వేసి వారం రోజులు పులియబెట్టిన నీళ్ళట. పొద్దున్నే ఒక కప్పు తాగమంది. మూత తీస్తే బుస్సుమని నురగ పైకొచ్చింది, ఒక మట్టి వాసన, ఒక పుల్ల వాసన. చద్దన్నం అమృతమనీ, పిండి పులిస్తేనే దోసెకి రుచి అనీ వాదించే నేనే ముక్కు మూసుకుని మొత్తం సింకులో పోసేశాను. డాక్టర్ ఇచ్చిన ఐరన్ టాబ్లెట్లు నా పర్సులో ఉండనే ఉన్నాయి.

అక్కడితో ఆగేదే. కానీ ఒకరిచ్చిన గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మా అమ్మ నేర్పిన పాఠం ఒకటి ఉంది కదా! సీసా శుభ్రంగా కడిగి, నిండా సున్నుండలు పెట్టి ఇచ్చాను. ఆవిడ కళ్ళు చెమర్చాయి. నాకు అంత నచ్చిందనుకుని మర్నాడే ఇంకో సీసాకి దుంపలు తవ్వింది. అలా శుక్రవారం శుక్రవారం సీసా రావడం, నేను పారబోయడం, అందులో చేగోడీలో, కజ్జికాయలో నిండి వెళ్ళడం. "ఆవిడకి నిజం చెప్పెయ్యొచ్చుగా? ఇక్కడివాళ్ళు నో అంటే ఫీలవ్వరే," అనేవారు మా ఆయన. "ఆవిడ ఇక్కడావిడేంటండీ, అచ్చం మన పెద్దమ్మలాగే ఫీలవుద్ది," అనేదాన్ని. మొహమాటానికి పోతే ఏదో అయిందని మనవాళ్ళు ఊరికే అనలేదు.

జులైలో నా బ్లడ్ రిపోర్ట్ నార్మల్ అని వచ్చింది. కంచె దగ్గర మాటల్లో ఆవిడకు చెప్పాను. మొహం వెలిగిపోయింది. నా నీళ్ళ వల్లే కదా అంది. అవునన్నాను. మరి టాబ్లెట్లు, అని అడిగింది. నా కళ్ళలోకే చూస్తూ అడిగింది. ఆ సంతోషం ఒక మెట్టు పెంచుదామన్న దిక్కుమాలిన సరదా కొద్దీ, "అవి ఎప్పుడో మానేశాను. అన్నీ మీ నీళ్ళే," అన్నాను. ఆవిడ మట్టి అంటిన చేత్తోనే నా బుగ్గ నిమిరి లోపలికి వెళ్ళిపోయింది.

అక్టోబర్‌లో ఒక ఉదయం వాళ్ళింటి ముందు అంబులెన్స్ ఆగింది. పక్షవాతం. కుడివైపు మొత్తం పడిపోయింది, మాట పోయింది. షికాగో నుంచి వచ్చిన కూతురు రెండోరోజు మా తలుపు కొట్టింది. చేతిలో బీపీ బిళ్ళల డబ్బాలు మూడు, సీలు తియ్యనివి. అమ్మ జులై నుంచీ ఒక్కటీ వేసుకోలేదు, ఎందుకు మానేసిందో మీకేమైనా చెప్పిందా అని అడిగింది. చెప్పలేదన్నాను. అది అబద్ధం కాదు. నిజమూ కాదు. ఆ వయసులో బిళ్ళలు వేసుకున్నా రావచ్చని డాక్టర్ అన్నాడట. ఆ మాట నాకు కూతురు చెప్పింది, నన్ను ఓదారుస్తూ! తప్పు దుంపది కాదు. బీట్‌రూట్ మంచిదే. ఆవిడ ఎన్నో ఏళ్ళు అటు బీట్‌రూటూ తిని ఇటు బిళ్ళా వేసుకుని తోటలో గునపం పట్టిన మనిషి. రెండోది మాన్పించింది నేను. ఇప్పటికీ శుక్రవారం ఎవరైనా తలుపు తడితే నాకు వెంటనే లేచి వెళ్ళాలంటే భయం.

హాస్పిటల్‌కి వెళ్ళాను. ఆవిడ నన్ను గుర్తుపట్టింది. గదిలో ఎవరూ లేరు. మంచం పక్కన కూర్చుని, ఎడమచెయ్యి పట్టుకుని మొత్తం చెప్పాను: సింకు సంగతి, టాబ్లెట్ల సంగతి, ఒక్క గుక్కా తాగలేదని, మీకు అబద్ధం చెప్పానని, నన్ను క్షమించమని. ఏడుస్తూ చెప్పాను. కానీ తెలుగులో చెప్పాను. ఇంగ్లీషులో మొదలుపెట్టబోతే ఆవిడ మొహం చూసి నోరు రాలేదు. ఆవిడ ఏమనుకుందో, పనిచేసే సగం మూతితో నవ్వి, నా బుగ్గ మీద రంగు చూసుకుంటున్నట్టు వేలితో మెల్లగా నిమిరింది. ఆ తర్వాత మూడు వారాలు బతికింది. నేను రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ వాతావరణం గురించి మాట్లాడి వచ్చాను. పద్దెనిమిదేళ్ళు ఇట్టే గడిచిపోయాయి, ఆ మూడు వారాలే ఇంకా గడవడం లేదు.