కుతుబుద్దీన్ నడుము

గోదావరిఖని దవాఖానలో నడుం నొప్పి వాళ్ల వరుస ఎప్పుడూ పొడుగే. అందులో కుతుబుద్దీన్ గోళ్లలో మాత్రం బొగ్గు నలుపు ఉండదు. ఇరవై ఆరేళ్లు హైదరాబాద్‌లో అసెంబ్లీ మార్షల్‌గా చేసి, రిటైరై, పోయినేడు తమ్ముడి ఇంటికి వచ్చాడు. కాగితాలు చింపి, మైకులు విరిచిన సభ్యులను స్పీకర్ ఆ రోజుకు సస్పెండ్ చేసి బయటికి పంపమంటే, ముందు చేతులు జోడించి "రండి సార్" అనేవాడు. రాకపోతే చంకల్లో చేతులు వేసి లేపి, గుమ్మం దాకా మోసేవాడు. చెప్పు జారిపడి ఉంటే మళ్లీ లోపలికి వెళ్లి తెచ్చి ఇచ్చేవాడు. ఇప్పటికీ వరుసలో ఎవరైనా తోసుకుని ముందుకు వస్తే, అతని రెండు చేతులూ వాటంతటవే నమస్కారంలా దగ్గరికి వస్తాయి.

ఆ రోజు కొత్త డాక్టర్ అతని వెన్ను నొక్కి చూసి, "ఏ గనిల పనిచేసినవ్ చాచా?" అని అడిగాడు.

"గని కాదు సార్, అసెంబ్లీ. ఎమ్మెల్యేలను మోసిన."

డాక్టర్ నవ్వాడు. "బొగ్గు కన్నా బరువుంటరా?"

కుతుబుద్దీన్ నవ్వలేదు. చొక్కా గుండీలు మెల్లగా పెట్టుకున్నాడు.

"బరువు సంగతి గాదు సార్. బొగ్గును ఒక్కసారి బయటేస్తె మల్ల లోపలికి పోదు. వీళ్లు తెల్లారి మల్ల గదే కుర్చీల కూసునేటోళ్లు."