బొట్టు పెట్టిన సీపీయూ

మా ఇంట్లో ఆయుధ పూజ రోజు కత్తెర కూడా పని చేయదు. కర్నూలు పాత బజారులో మా ఆయనకు కాగితాల కొట్టు ఉంది. అక్కడి తక్కెడ, కత్తెర, ఇనుప స్కేలు, ఆయన తొక్కే సైకిలు, వంటింట్లో కత్తిపీట, అన్నిటినీ కడిగి బొట్లు పెట్టి పూలు చుడతారు. మరునాడు పొద్దుటి దాకా వాటిని ముట్టుకోరు. ఏడాదంతా మన కోసం అరిగే వాటికి ఒక్క రోజైనా సెలవు ఉండాలంటుంది మా అత్త. నేను ముందుగదిలో కంప్యూటర్ పెట్టి డీటీపీ పని మొదలుపెట్టాక ఆ సెలవు దానికీ వచ్చింది.

పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు టైపు చేసి ప్రెస్సుకు ఇవ్వడం నా పని. పాపకు అప్పుడప్పుడే నడక వస్తోంది. ఒక చేత్తో పాప గౌను పట్టుకుని ఇంకో చేత్తో అక్షరాలు కొట్టేదాన్ని. పాప ఎక్కడైనా పడి ఏడిస్తే, ఆ సమయానికి నేను ఎవరి పెళ్లి ముహూర్తం దిద్దుతున్నానో గుర్తొచ్చి సిగ్గేసేది. "పాప పెద్దదైనాక సేసుకోవచ్చులే ఇదంతా" అనేవాడు మా ఆయన. కోపంగా అనేవాడు కాదు. అందుకే ఎదురు చెప్పడం కష్టంగా ఉండేది.

ఆ ఏడాది దసరా ముందర కోడుమూరు వైపు పల్లె నుంచి ఒక రైతు వచ్చాడు. ఆయన తల్లి చనిపోయింది. వాళ్లు క్రైస్తవులు. ఆదివారం చర్చిలో ఆమెను తలుచుకుని ప్రార్థన చేసే ఆదరణ కూటం పెట్టుకున్నారు, ఆమె ఫోటోతో కార్డులు వేయించాలి. పటం కట్టిన పెద్ద ఫోటో ఒకటి సంచిలోంచి తీశాడు. చర్చి కట్టినప్పుడు ఊరంతా కలిసి దిగింది. అందులో రెండో వరుసలో, ఎవరి భుజం వెనకో, సగం ముఖం.

"ఇంత చిన్నగా ఉంది కదన్నా. వేరే ఫోటో లేదా?"

"యాడుండాది తల్లీ! బతికినన్నాళ్లూ ఫోటో అంటే సాలు, గడ్డివామి ఎనక్కి పోయి దాక్కునేది. ఇదొక్కటి ఎట్ల దొరికిపోయిందో. నువ్వే బయటికి తీయల్ల."

పటం చర్చిది. ఆ సాయంత్రమే మళ్లీ గోడకు తగిలించాలన్నాడు. స్కాన్ చేసుకుని ఇచ్చేశాను. తరువాత రోజూ ఆమె ముఖం ముందు కూర్చునేదాన్ని. పక్కవాళ్ల భుజం చెరిపి, నీడలో మునిగిన కంటికి వెలుతురు తెచ్చి, ఈ చెంపను చూసి ఆ చెంపను పూరించి, కొంచెం కొంచెంగా ఆమెను జనంలోంచి ఇవతలికి తెచ్చాను. ఎన్నడూ చూడని మనిషి. చివరికి ఆమె ముఖం ఎంత పరిచయమైందంటే, పాపకు పాలిస్తూ కూడా తెర వైపు చూసేదాన్ని.

ఇక ప్రెస్సుకు ఇవ్వడమే మిగిలింది. పండగకు ప్రెస్సు మూసేశారు. అప్పుడు మిషన్‌కు ఒక అప్‌డేట్ వేయాలని బుద్ధి పుట్టింది. అందరూ తెచ్చే ఫ్లాపీలతో నా మిషన్‌కు వైరస్‌లు పట్టేవి. ఒక కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో వాటిని అడ్డుకునే పెద్ద అప్‌డేట్ ఉంది. చాలాసేపు పడుతుందని, మధ్యలో ఆపకూడదని రాశారు. నా మిషన్ ఖాళీగా ఉండేది పూజ రోజే. అప్‌డేట్ అంటే పని చేయించడం కాదు, ఇది కూడా ఒక రకం కడగడమే అని నాకు నేను చెప్పుకున్నాను. సీడీ పెట్టి, పచ్చగీత కదలడం చూసి, మానిటర్ ఒక్కటీ ఆర్పి, మీద గుడ్డ కప్పి వంటింట్లోకి వెళ్లాను. గుడ్డ కప్పేటప్పుడు తలుపు వైపు చూసుకున్నాను. తప్పు కాదనుకుంటే అటు చూడాల్సిన పని లేదు.

పాపకు అన్నం పెడుతుంటే ముందుగదిలో గంట వినిపించింది. వెళ్లేసరికి సీపీయూ నుదుట పసుపు, నిలువు కుంకుమ బొట్టు. మామిడాకుతో చల్లిన పసుపునీళ్లు బల్ల మీద చుక్కలు చుక్కలుగా ఉన్నాయి. గోడ మీద స్విచ్చులన్నీ ఆపేసి ఉన్నాయి.

"నీళ్లు సల్లేటప్పుడు కరెంటు ఉండగూడదు గదా, అన్నీ ఆపేసినా" అంది అత్త హారతి నా ముందుకు చాపుతూ. కళ్లకద్దుకున్నాను.

మరునాడు పొద్దున స్విచ్చు వేశాను. నల్లని తెర, దాని మీద బొమ్మ, అంతలో నీలంగా ఒక మెరుపు. మళ్లీ నల్లని తెర. మళ్లీ మొదటి నుంచి. లేచి నిలబడబోవడం, పడిపోవడం. నీలం మెరిసినప్పుడల్లా పాప చప్పట్లు కొట్టింది. మొదలయ్యేటప్పుడు ఎఫ్‌ఎయిట్ నొక్కి, కిందటిసారి బాగా పనిచేసిన స్థితికి పొమ్మన్నాను. పోలేదు. సేఫ్ మోడ్‌లో తెరవమన్నాను. తెల్లని అక్షరాల వరసలు పై నుంచి కిందికి దిగి, ఒక వరస దగ్గర ఆగాయి, మిషన్ మళ్లీ పడిపోయింది. బీఎస్సీలో కంప్యూటర్లు చదివిన నాకు గుర్తొచ్చినవన్నీ అంతటితో అయిపోయాయి. రైతు తల్లి ఫోటో ఫైలు ఫ్లాపీలో పట్టేది కాదు. సీడీ రాసే సదుపాయం నా మిషన్‌కు లేదు. నేను బయటికి తెచ్చిన ఆమె ముఖం ఆ పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేదు.

కొట్టుకు బయలుదేరుతూ మా ఆయన ఆగాడు. "ఏమైందే దానికి?"

నేను నోరు తెరిచేలోపే అత్త అంది, "నేను సల్లిన నీళ్లు లోపలికి పోయినట్టుండాయిరా."

"ఎన్నిసార్లు సెప్పల్ల మా నీకు? తక్కెడ అనుకుంటివా అది, నీళ్లు పోసి కడిగేకి? ఒక మాట ఇంటావా నువ్వు?"

అత్త పైట కొంగుతో సీపీయూ పక్కలు తుడవసాగింది. నేను తెర వైపే చూస్తున్నాను. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. "ఫార్మాట్ కొట్టేయ్. పోయేది పోతాది" అని ఆయన వెళ్లిపోయాడు. పోయేది ఎవరో ఆయనకు తెలియదు.

సైకిలు సందు మలుపు తిరిగేదాకా ఆగి అన్నాను. "నీళ్లు కాదత్తా. నిన్న నువ్వు ఆపినప్పుడు అది నడుస్తాండె. నేనే పెట్టినా."

"తెలుసులే."

"తెలుసా?"

"తేనెటీగల మాదిరి గుయ్యిమంటాండె. గుడ్డ కప్పితే నా సెవులు గూడా మూసుకుపోతాయా? పూజనాడు గూడా పనేనా దీనికి అని కోపమొచ్చి పుటుక్కున ఆపితి. ఆపితే సెడిపోతాదని నాకేం తెలుసు?"

"మరి నీళ్లని ఎందుకన్నావు?"

"వాడు నన్నంటే సాయంత్రానికి మర్సిపోతాడు. నిన్నంటే ఈ పెట్టెను అటక మీద పెడతాడు. నాకు తెలీదా వాని సంగతి?" అని కొంగు దులుపుకుంది. "ఇప్పుడు ఏడ్సేది మాని, ఏం సేయల్లనో అది సెయ్."

ఆమె తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

మిషన్ కొన్నప్పుడు ఇచ్చిన సిస్టమ్ సీడీ బీరువాలోంచి వెతికి తీసి పెట్టాను. నీలం తెర మీద ఇంగ్లీషు వచ్చింది. ఉన్నదాన్ని బాగు చేయడానికి ఒక మీట, తీసేసి కొత్తగా వేయడానికి ఇంకో మీట. చదివిందే చదువుతూ కూర్చున్నాను.

"ఏమంటాది అది?" అంది అత్త.

"బాగు చేయమంటావా, కొత్తగా వేయమంటావా అంటోంది."

"కొత్తగా ఏస్తే?"

"ఆ కోడుమూరాయన వాళ్లమ్మ పోతాది."

"అయితే బాగు సేయమను. దానికింత ఆలోచనా?"

ఆర్ మీట నొక్కాను. ఇక మధ్యలో కరెంటు పోకూడదు. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి, కీచుమనడానికి తప్ప పనికిరాదు. అత్త స్టూలు లాక్కుని స్విచ్చుబోర్డు కింద కూర్చుంది. పాపను ఒళ్లో బిగించి పట్టుకుంది. పాప స్విచ్చుల వైపు చేయి చాచినప్పుడల్లా, "ముట్టుకో సూద్దాం, సేతులిరగ్గొడతా" అని ఆ చేతినే ముద్దు పెట్టుకుంది. ఒకసారి ఫ్యాను మందగించింది. ఇద్దరమూ తలెత్తి చూశాం. రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదై, మళ్లీ పుంజుకుంది. పాపకు ఆకలి వేళ దాటిపోయింది, లేవలేకపోయాను. బెల్లం ముక్క నోట్లో పెట్టి అత్తే ఊరుకోబెట్టింది.

చివరికి మిషన్ తనంతట తానే లేచింది. పడలేదు. ఫైలు తెరిచాను. ఆమె ఉంది, కొంగు అంచుతో సహా.

అత్త వెనక నుంచి వంగి చూసింది. "ఈమెనా? ఈమెకోసమేనా నన్ను కొడుకుతో తిట్టిస్తివి?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

శనివారం రైతు వచ్చి, ప్రెస్సు నుంచి వచ్చిన కార్డు చేతిలోకి తీసుకున్నాడు. కళ్లు తుడుచుకుని, సీపీయూ మీద బొట్టు చూసి, "దీనికి గూడా పండగ సేసినారా?" అన్నాడు.

"సేసినాం నాయనా. సేసినందుకు అలిగి కూసుండె" అంది అత్త.

"మాయమ్మ గూడా అంతే, ఫోటో అంటే అలిగేది. ఇంత దగ్గరగా సూసింది ఇప్పుడే. దేవుడు నిన్ను సల్లగా సూడల్ల తల్లీ."

ఆ దీవెన నేను తీసుకోదగ్గది కాదని ఆయనకు ఎలా చెప్పాలో తెలియక కార్డులు కట్ట కట్టి ఇచ్చాను.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ మా ఆయనకు చెప్పేశాను. మిషన్ నడిపింది నేనని, నీళ్ల సంగతి అబద్ధమని. ఆయన కలుపుతున్న ముద్ద వదిలేసి తల్లి వైపు తిరిగాడు. "మరి నువ్వెందుకు మాటలు పడితివి మా?"

"నీతో మాటలు పడేది నాకేమన్నా కొత్తా? సారు పోయమ్మా వానికి, ఎక్కిళ్లు వస్తాయి."

పెట్టె అటక మీదికి పోలేదు. ఆ మర్నాడు పొద్దున ఆయన కొట్టుకు పోయేముందు తల్లి దగ్గర ఆగి, చెప్పులు అటూ ఇటూ జరిపి వెళ్లాడు.

మరుసటి దసరాకు మిషన్‌ను ముందురోజే ఆపాను. ప్లగ్గు కూడా గోడ నుంచి తీసేశాను. అత్త కుంకుమ గిన్నెతో వచ్చి, బొట్టు పెట్టేముందు వంగి, సీపీయూకు చెవి ఆనించింది. కళ్లు మూసుకుని చాలాసేపు విన్నది. ఆపేశానని తెలుసు. తీగ నా కాళ్ల దగ్గరే పడి ఉంది. అయినా ఆమె తలెత్తేదాకా గోడ వైపు, తీగ వైపు మార్చి మార్చి చూసుకున్నాను.