తువ్వాలు కింద తెగిన బేరం

లెక్కల అయ్యవారు పోయాడన్న కబురు అందేసరికి నేను పుంగనూరు సంతలో ఒకడి గల్లా పట్టుకుని ఉన్నాను. ముసలి ఎద్దును పడుచు ఎద్దని నాకు అంటగట్టబోయాడు. కబురు విని గల్లా వదిలేశాను. వాడికే అనుమానం వచ్చింది.

"ఏమప్పా, కొట్టవా?"

"ఈ పొద్దుకు బతికిపో."

నేను ఎద్దుల బేరగాణ్ణి. మూడో తరగతి చదివాను, అదీ రెండుసార్లు. నా చేతి దెబ్బ తిన్నవాళ్ళంతా తిరిగి కొట్టారు, లేదంటే పోలీసుల దగ్గరికి పోయారు. రెండూ చేయనివాడు అయ్యవారొక్కడే. ఆయన బడిలో బెత్తమే పట్టలేదట. "కొడితే లెక్క రాదప్పా, లెక్కంటే బయం వస్తాది" అనేవాడు. సంతలో వంకాయలు కొంటే తక్కెడ నిలబడేలోగా డబ్బెంతో చెప్పేసి, కూరలమ్మి చేత తిట్లు తినేవాడు.

ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు మా పెద్దోడు మదనపల్లెలో ఇంటరు ప్యాసయ్యాడు. కుప్పం దగ్గర రాళ్ళ క్వారీలో నా బావమరిది మేస్త్రీ. రాళ్ళ లెక్క రాసే పని మావాడికి ఖాయం చేశాడు. నెలకు రెండువందల యాభై. వీడేమో బీయస్సీ లెక్కలు చదువుతానని రెండు రోజులు అన్నం మానేశాడు. మూడో రోజు, వాడికి బడిలో లెక్కలు చెప్పిన అయ్యవారు సైకిలు తొక్కుకుంటూ మా పల్లెకు వచ్చాడు. వచ్చినవాడు మంచం మీద కూర్చోకుండా పొయ్యిలో బొగ్గు తీసి గోడ మీద రాయడం మొదలుపెట్టాడు.

"సూడప్పా. చదువుకు మూడువేలు అప్పు. నెలకు నూటికి రెండు వడ్డీ. మూడేండ్లకు మొత్తం అయిదువేల నూట అరవై. వాడు పోగొట్టుకునే క్వారీ జీతం తొమ్మిదివేలు. అదీ అప్పే."

"అదెవురికి బాకీ?"

"నీ కొడుక్కి. డిగ్రీ ఉద్యోగం ఆరునూర్లనుకో. క్వారీ కన్నా మూడునూట యాభై ఎక్కువ. నలభై ఒకటో నెలలో అంతా తీరతాది."

"నా సున్నం గోడ మీద నా అప్పు రాస్తావా!" అని ముల్లుకర్రతో నెత్తిన ఒకటిచ్చాను. తల పగిలింది. నెత్తురు చెవి మీదుగా చొక్కాలోకి దిగింది. మా ఆడామె కేకలు పెట్టి తువ్వాలు తెచ్చి ఆయన తలకు అదిమింది. పెద్దోడు నన్ను ఎద్దులు మేసే గాడిపాటలోకి తోశాడు. లేచి వాడి మూతి పగలగొట్టాను.

"ఆగండప్పా," అన్నాడు అయ్యవారు. "ఉద్యోగం దొరకని ఏడాది ఒకటి కలపల్ల. మరిచినా."

కలిపాడు. యాభై రెండో నెలకు జరిగింది. తన సరుకులో సొట్ట తానే చూపించే బేరగాణ్ణి నేను అంతవరకు చూడలేదు. అయినా ఒప్పుకోలేదు.

అప్పుడాయన ఆ నెత్తుటి తువ్వాలు తీసి నా చేతి మీద కప్పాడు. మా ఎద్దుల సంతలో ధర నోటితో చెప్పం. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుంటాం, వేలికి నూరు. తల ఊపితే బేరం తెగినట్టే, వెనక్కి పోకూడదు. ధర మూడోవాడికి చెప్పకూడదు.

"పిల్లోడు చదివినన్నాళ్ళు ఏటేటా నేనిస్తా," అని ఒకసారి అయిదు వేళ్ళు, ఇంకోసారి రెండు పట్టాడు. ఏడునూర్లు. అంటే దాదాపు వడ్డీ అంతా. నేను ఊరుకుంటానా? అంత నెత్తురులోనూ ఇంకో వేలు లాగాను. ఒక్క గడియ నా మొహం చూసి, ఇచ్చాడు. తల ఊపాను.

మూడువేలు అప్పు తెచ్చాను. మూడేళ్ళూ అయ్యవారు మాట తప్పలేదు. డిగ్రీ వచ్చింది, ఉద్యోగం రాలేదు. అప్పిచ్చినాయన మనుషులు ఎద్దులు విప్పుకుపోవడానికి వచ్చారు. ఇద్దర్ని పడగొట్టాను, నా పళ్ళు రెండు పోయాయి. ఆ కసి పెద్దోడి మీద తీర్చుకున్నాను. వీధిలో పడేసి తంతుంటే అయ్యవారు వచ్చి అడ్డం పడ్డాడు. రెండు తన్నులు ఆయన పక్కటెముకలకు తగిలాయి.

"లెక్క ఇంకా మొదులే కాలేదు కదప్పా, అప్పుడే యాల కొడతాండావు?" అన్నాడు, ఊపిరందక.

ఆ తరువాత పెద్దోడికి వెంకటగిరికోట బడిలో లెక్కలు చెప్పే ఉద్యోగం దొరికింది. యాభై రెండో నెల దాటింది, అప్పు తీరలేదు. అరవై మూడో నెలకు తీరింది. "అయ్యవారు ఫెయిలు!" అని పుంగనూరు బజారంతా చాటాను.

"వడ్డీ ఆగదనేది మరిచినా. సున్నా ఎయ్యప్పా," అని నవ్వాడు.

మొన్న కబురు విని సంతలోంచి నేరుగా ఆయన ఇంటికి పోయి, సంత కట్టు దాటి ఆయన భార్యకు ధర చెప్పేశాను. మూడువేల అప్పుకు నూటికి రెండు వడ్డీ కింద ఏటా ఎనిమిదినూర్లు, మూడేళ్ళు.

"జీతం కోసినారని సెప్పె," అందామె. "ఆ మూడేండ్లూ రాత్రిపూట అరగలేదని అన్నం తినకుండె." వేళ్ళు మడిచి లెక్కేసుకుని, "మూడువేలకు నూటికి రెండంటే ఏడాదికి ఏడునూట ఇరవై కదప్పా. ఎనిమిది యాల?"

"ఆ ఒక వేలు నేనే లాగినానమ్మా."

అందరి ముందర చెంప పగలగొట్టింది. నాకు తెలిసి నేను తిరిగి చెయ్యెత్తని దెబ్బ అదొక్కటే.

పాడె లేచేటప్పుడు నేనూ ఒక కొమ్ము కింద దూరాను. మిగతా ముగ్గురూ పొడుగు, నేను పొట్టి. పాడె నా వైపు ఒరిగింది, బరువు నా భుజం మీదికి జారింది.

"నాయనా, నేను పట్టుకుంటా, ఇయ్యి," అన్నాడు వెనకనుంచి పెద్దోడు.

"నోరు మూసుకుని నడువురా."