కురుమమ్మ మూత

చిక్కడపల్లిలో లైబ్రరీ వెనక గల్లీలో కమలకు చీరలకు ఫాల్, పీకో కుట్టే దుకాణం ఉంది. ఒక షట్టరు, ఒక మిషను, గోడ నిండా రంగురంగుల దారాలు. గల్లీలోని కొత్త చీరలన్నీ ఆమె చేతి మీదుగా పోయేవే. ఆమె మనసు మాత్రం పాత సామాను మీద. ఆదివారం వచ్చిందంటే సంచీ పట్టుకుని రాంనగర్‌లో బీరయ్య పాత సామాన్ల దుకాణానికి బయలుదేరుతుంది.

ఫలానావాళ్లకు ఫలానాది కొనాలని ఎన్నడూ పోదు. కుప్పలో చెయ్యి పెట్టి కెలుకుతుంటే ఏదో ఒకటి తగులుతుంది. దానితోపాటే ఒక మనిషి మొహం కళ్ల ముందుకు వస్తుంది. అంతే, ఇక ఆ వస్తువు ఆ మనిషిదే.

నారాయణగూడ చౌరస్తాలో పేపర్లు అమ్మే కిషన్ రావు రేడియోకు తొడుగు చినిగిపోతే రబ్బరు బ్యాండ్లు చుట్టుకుని వినేవాడు. ఒకసారి బీరయ్య దగ్గర తోలు తొడుగు ఒక్కటే దొరికింది, లోపల రేడియో లేదు. కమల దాన్ని కొబ్బరినూనెతో తుడిచి తీసుకుపోయి ఇచ్చింది. ఆయన పసిపిల్లాడికి అంగీ తొడిగినట్టు తొడిగి, "ఇగ వీడు పెండ్లికొడుకు లెక్కున్నడు" అని పేపరు కొన్న ప్రతివాడికీ చూపించాడు. అశోక్ నగర్ హాస్టల్లో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదివే సంజన, గదిలో పిల్లలు లైటు ఆర్పమంటే ఫోను వెలుతురులో చదువుకునేది. ఆమెకు మెడ వంగే టేబుల్ లైటు దొరికింది. "నాకు ఇదే కావాల్నని నీకెట్ల తెలిసిందక్కా?" అని ఆ పిల్ల అడిగితే, కమలకు ఆ వారమంతా కడుపు నిండినట్టే ఉంది.

ఇంతమందికి ఇచ్చిన కమల ఒక్క మనిషికి మాత్రం ఏమీ ఇవ్వలేకపోయింది. ఆమె దుకాణం ఉన్న ఇంటి ఓనరు, పై అంతస్తులో ఉండే రాజ్యలక్ష్మి. వాళ్ల మామగారి కాలంలోనే ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. కమల జ్వరంతో మంచాన పడితే పూటపూటకూ చారన్నం పంపిన తల్లి ఆవిడ. పండక్కి పులిహోర, కార్తీకంలో ఉసిరికాయ పచ్చడి, అన్నీ పై నుంచి కిందికి రావడమేగానీ కింది నుంచి పైకి ఏదీ పోలేదు. ఒకసారి ఎంతో ముచ్చటపడి ఇత్తడి పూలసజ్జ పట్టుకెళ్లింది కమల. ఆవిడ గడప దగ్గరే ఆపేసింది.

"ఎవరు వాడారో, ఏ ఇంట్లోదో. పరాయివాళ్లు వాడినవి మేం లోపలికి తీసుకోం కమలా. ఏమీ అనుకోకు."

కమల ఏమీ అనుకోలేదు. కానీ ఒక్కసారైనా తన చేతి వస్తువు ఆ ఇంట్లోకి పోవాలన్న కోరిక ఆమెను వదల్లేదు.

మొన్న ఆదివారం బీరయ్య దుకాణంలో స్టీలు కుప్ప కెలుకుతుంటే ఒక పప్పుల డబ్బా చేతికొచ్చింది. పెళ్లికో గృహప్రవేశానికో స్టీలు సామాను ఇచ్చేవాళ్లు పేరు కొట్టించి ఇస్తారు కదా, దీని మీద కూడా చుక్కచుక్కలుగా పేరుంది. రాజ్యలక్ష్మి.

"బీరన్నా, దొరికింది!" అని అరిచింది కమల.

"ఏందమ్మా, బంగారమా?"

"పేరు దొరికింది. ఆమె పేరే ఉన్నంక ఎట్ల వద్దంటదో నేనూ చూస్త."

"మూతే లేకపాయె. మూత లేని డబ్బా ఎవలకిస్తవు?"

"నీ కుప్పల ఏదో ఒకటి కూసోదా?"

కమల ఒక్కో మూతా పెట్టి చూసింది. కొన్ని లోపలికి జారిపోయాయి, కొన్ని పైనే ఊగాయి. "పెండ్లి సంబంధాలు చూస్తున్నవా ఏంది?" అని బీరయ్య విసుక్కున్నాడు. చివరికి ఒకటి టప్పున కూర్చుంది. తిప్పి చూస్తే దాని మీద కురుమమ్మ అని ఉంది.

"ఒక్క సంసారంల ఇద్దరమ్మలు!" అని బీరయ్య నవ్వాడు.

కమల రెంటినీ చింతపండు పెట్టి తోమింది. ఖాళీ డబ్బా ఇవ్వకూడదని చక్కెర పోసింది. సోమవారం పొద్దున్నే మెట్లెక్కింది.

తలుపు తీసిన కోడలు నాగశ్రీ డబ్బా చూడగానే గతుక్కుమంది.

"కమలక్కా, ఇది నీకెక్కడ దొరికింది?"

"రాంనగర్ల. ఏమైంది?"

"మెల్లగా మాట్లాడు. ఇది అత్తయ్యదే! మూత పోయింది, ఇక ఎందుకులే అని పాత సామాన్లవాడికి నేనే వేసేశాను. ఆవిడేమో నాలుగు రోజులుగా ఇల్లంతా గాలిస్తున్నారు. నాకు చెప్పడానికి నోరు రావట్లేదు."

కమలకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ గల్లీల పాత సామాను బీరయ్య దగ్గరికి కాక ఎక్కడికి పోతుంది? పేరు చూసిన సంబరంలో ఆ సంగతే తట్టలేదు. ఆమె డబ్బాను ఆమెకే కానుకగా మోసుకొచ్చింది!

"ఇలా ఇచ్చెయ్యక్కా. అటక మీద దొరికిందని చెప్తాను."

కమల డబ్బా చాపింది. తన కానుక సంగతి ఎట్లున్నా ఈ పిల్లకు మాట పడకుంటే చాలనుకుంది. ఇంతలో రాజ్యలక్ష్మి చేతులు తుడుచుకుంటూ రానే వచ్చింది.

"అయ్యో, నా డబ్బా! మా పిన్ని ఇచ్చిన డబ్బా! ఎక్కడిదే ఇది?"

కమల ఏదో చెప్పబోయింది. ఆమె నోరు విప్పేలోపే నాగశ్రీ, "నేనే పాత సామాన్లలో వేసేశాను అత్తయ్యా. మూత లేదు కదా అని" అంది.

"మూత లేకపోతే పళ్లెం మూసి వాడుకుంటున్నానుగా! రేపు నాకు పళ్లూడితే నన్ను కూడా వేసేస్తావా ఏంటి?"

"మిమ్మల్ని వాడు మోయలేడు లెండి" అంది నాగశ్రీ, భయపడుతూనే.

రాజ్యలక్ష్మి కోపంగా చూడబోయి ఫక్కున నవ్వేసింది. నవ్వుతూనే డబ్బాను అటూ ఇటూ తిప్పింది.

"డబ్బా సరే, నాదే. మరి ఈ మూతేంటి కమలా?"

కమలకు పూలసజ్జ నాటి మాటలే చెవిలో మోగాయి.

"అది వేరేవాళ్లదమ్మా. కుప్పల నుంచి ఏరుకొచ్చిన. మీకు పట్టింపుంటది గద, తీస్కపోత తియ్యుండ్రి."

ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నట్టు చదివింది. "కురుమమ్మ. ఎవరీవిడ?"

"తెల్వదమ్మా."

ఆవిడ మూత తీసింది, పెట్టింది. మళ్లీ తీసింది. ఇంత చక్కెర నోట్లో వేసుకుంది. "మా పిన్ని ఇచ్చిన మూత కూడా ఇంత బిగువుగా పట్టేది కాదు, చెప్పొద్దూ" అంది. మూతను అరచేత్తో నొక్కి, డబ్బా చంకన పెట్టుకుని లోపలికి రెండడుగులు వేసి ఆగింది.

"పాపం, ఆ కురుమమ్మ కూడా పళ్లెం మూసుకుని వాడుకుంటోందేమో. ఆవిడ డబ్బా ఎక్కడైనా కనబడితే చెప్పు కమలా, మూత ఇచ్చేద్దాం. అప్పటిదాకా నా దగ్గరుంటుంది."

"చెప్తనమ్మా" అంది కమల. మెట్లు దిగుతూ, ఆ డబ్బా ఏ కుప్పలోనూ తన చేతికి తగలకుండా చూడమని దేవుడికి మనసులోనే దండం పెట్టుకుంది.