మొదటిది గంగమ్మది

దెయ్యాన్ని చూశానని ఎవరైనా చెబితే మొహం మీదే తిట్టే మనిషిని నేను. తుపాను తర్వాత ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవాలను ఈ చేతులతోనే లాగాను. సర్వి చెట్ల తోపులో వాటిని పూడ్చి వచ్చి, చేతులు కడుక్కుని అన్నం తిన్నాను. చచ్చినవాళ్ళెవరూ నన్ను పలకరించలేదు. వాళ్ళకు మనతో పనేముంటుంది? ఇప్పటికీ ఆ మాట రాయడానికి మనసొప్పదు. అందుకని పేరు పెట్టకుండా జరిగింది జరిగినట్టు రాస్తాను.

యాభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. నా రాత వంకరగా ఉంటుంది. విషయం మాత్రం వంకర కాదు.

మాది ఇందుకూరుపేట మండలంలో సముద్రం అంచున ఉండే పాలెం. మా ఆయన అక్కడ చేపలు లెక్కపెట్టే మనిషి. పడవలు రాగానే చేపలను ఇసుకలో పోస్తారు. కొనేవాళ్ళ ఎదుట ఒకరు గట్టిగా లెక్క చెప్పాలి. ఆయన చెప్పిన లెక్కను కాదన్నవాళ్ళు లేరు.

ఆయన లెక్క పద్ధతి గురించి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాతది మీకు అర్థం కాదు. మా వైపు మామూలుగా మొదటి చేపను ‘లాభం’ అంటారు, తర్వాతిదాన్ని ‘రెండు’ అంటారు. మొదటిది కూడా లెక్కలోనే ఉంటుంది. మా ఆయన అలా కాదు. మొదటి చేపను తీసి ఎడమ పక్కన విడిగా పెట్టేవాడు. అది గంగమ్మది. అరచెయ్యి తొడకు ఒకసారి తుడుచుకుని, తర్వాతి చేపను పట్టుకుని అప్పుడు ‘ఒకటి’ అనేవాడు. లెక్కంతా అయ్యాక ఎడమ పక్కనున్న చేపను అలల్లోకి విసిరేవాడు. వాళ్ళ తాత నుంచి వచ్చిన అలవాటట. పాలెంలో ఇంకెవరికీ లేదు.

ఒక వానాకాలం పడవ తిరగబడి పోయాడు. శవం దొరికింది. గుర్తుపట్టింది నేనే. ఆ లెక్క కూడా ఆయనతోనే పోయింది.

ఇక ఎన్నికల సంగతి. కిందటి పంచాయతీ ఎన్నికల్లో మా సర్పంచి పదవి ఆడవాళ్ళకు వచ్చింది. పాలెం పెద్దలు కూర్చుని, వాళ్ళందరికీ పైమనిషి అయిన పెద్దకాపు భార్య పేరు చెప్పారు. అందరూ తల ఊపారు. మా కూతురు కావేరి ఊపలేదు. నీళ్ళ ట్యాంకరు ఎప్పుడూ పెద్దకాపు ఇంటి ముందే ఆగుతుందని, దానికి విసిగిపోయి నామినేషన్ వేసింది.

పెద్దల మాట మీరితే మా పాలేల్లో దురాయి వేస్తారు. దురాయి అంటే కట్టుబాటు. ఆ ఇంటి పడవ నీళ్ళలో దిగకూడదు, ఆ ఇంటి చేప ఎవరూ కొనకూడదు. మా పడవను ఇసుక మీదికి లాగించారు. దాన్ని నడిపేది మా అల్లుడు, నా తమ్ముడి కొడుకే, నా చేతుల మీద పెరిగినవాడు. మా ఇంటికి వేరే తిండి లేదు.

పెద్దకాపు అందరి ఎదుటా అన్నాడు: "నీ కూతురు గెలిస్తే మేమే వొచ్చి మీ పడవని నీళ్ళలోకి తోస్తాం. ఓడిందంటే దాంట్లో కోళ్ళు పెంచుకోండి."

అన్నవాడు మాట తప్పడు. అంచేత పోలింగు రోజు పెట్టెలో ఉన్నవి మాకు ఓట్లు కాదు, పడవ.

పోలింగు మా బడిలోనే జరిగింది. మధ్యాహ్నం పోలింగు ముగిశాక లెక్కింపు కూడా అక్కడే. మూడు బల్లలు వేశారు. అడ్డం కట్టడానికి ఏమీ దొరక్క మా పాలెం పాత వలనే కట్టారు. వల అవతల అధికారులు, ఇవతల ఏజెంట్లం. మా తరఫున నేను. అటు తరఫున పెద్దకాపు అల్లుడు శీనయ్య.

కూర్చోగానే మొదలుపెట్టాడు. "ఏందత్తా, అద్దాలు తెచ్చుకున్న్యావా, నన్ను చదివి చెప్పమంటావా?"

"నా సంతకం నీ సంతకం కంటే తిన్నంగా ఉంటాది. నోరు మూసుకోని కూచోరా."

ఎన్నికల అధికారి నెల్లూరు నుంచి వచ్చినాయన. నెమ్మదస్తుడు. పెట్టె సీలు మాకు చూపించి, తెరిచి, ఖాళీ పెట్టెను కూడా తిప్పి చూపించాడు. తర్వాత అందరికీ అర్థమయ్యేలా చెప్పాడు. "ముందు పెట్టెలో మొత్తం ఎన్ని కాగితాలున్నాయో చూస్తాం. పొద్దున్నుంచి మేము ఇచ్చిన కాగితాల లెక్కతో అది సరిపోవాలి. ఆ తర్వాతే ఎవరికెన్ని అనేది. సరిపోకపోతే ఫలితం ప్రకటించే అధికారం నాకు లేదు."

ముద్ర కనపడకుండా కాగితాలను బోర్లించి, ఇరవై ఐదేసి చొప్పున లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేశారు. కట్టలన్నీ కూడితే తక్కువ వచ్చింది. ఒకటీ రెండూ కాదు, ఇరవైకి పైగా తక్కువ.

మళ్ళీ విప్పి లెక్కపెట్టారు. అంతే తక్కువ.

శీనయ్య లేచాడు. "పెట్టెలో ఏసిన ఓట్లు యాడికి పోయినాయి సార్? మళ్ళా పోలింగు పెట్టండి. మాకేం బయం లేదు."

అధికారి మొహం తుడుచుకున్నాడు. "ఇంకోసారి చూద్దాం. అప్పుడూ ఇంతే అయితే ఆపేసి పై అధికారులకు రాస్తాను. వాళ్ళు మళ్ళీ పోలింగు పెట్టమంటే పెట్టాల్సిందే."

మాకు ఓటేసినవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు. మొగుళ్ళకు కూడా చెప్పకుండా వేశారు. మళ్ళీ పోలింగంటే పెద్దలు ఒక్కో ఇంటి ముందు మనిషిని కూర్చోబెడతారు. అప్పుడు మాకు పడేది కావేరి ఓటు, నా ఓటు, అల్లుడి ఓటు.

మూడోసారి మొదలుపెట్టారు. ఈసారి నేను కాగితాలను వదిలేసి చేతులను చూశాను. దొంగతనం ఎక్కడైనా జరిగితే చేతుల్లోనే కదా జరగాలి.

నాకు ఎదురుగా ఉన్న బల్ల దగ్గర ఒక టీచరమ్మ. పైరు పొలాల ఊరి మనిషి, సముద్రం చూడటమే అరుదని పొద్దున ఆమే చెప్పింది. ఆమె కట్ట విప్పింది. పై కాగితం తీసింది. ఎడమ పక్కన విడిగా పెట్టింది. అరచెయ్యి చీరకు, తొడ దగ్గర, ఒకసారి తుడుచుకుంది. తర్వాతి కాగితం పట్టుకుని ‘ఒకటి’ అంది.

పొరపాటేమో అనుకున్నాను. ఇరవై ఐదు అనగానే ఎడమ పక్కనున్న కాగితాన్ని కూడా కట్ట మీద పెట్టి బ్యాండు వేసేసింది. ఇంకో కట్ట తీసింది. పై కాగితం ఎడమకు. చెయ్యి తొడకు. ‘ఒకటి.’

పక్క బల్లకేసి చూశాను. అక్కడ ఒక మగమనిషి. అతనూ అంతే. మూడో బల్ల దగ్గరా అంతే. ఒకసారైతే మూడు చేతులూ కలిసి ఎడమకు వెళ్ళి, మూడు అరచేతులూ కలిసి తొడలకు రాసుకున్నాయి. వాళ్ళు ఒకరినొకరు చూసుకోవడం లేదు. ఆ ఎడమ కాగితాన్ని కూడా చూడటం లేదు. అది అక్కడ ఉన్నట్టే వాళ్ళకు తెలియడం లేదు.

బడి కిటికీలు వాళ్ళకు ఎడమ వైపు, సముద్రం వైపు. ఎండ ఇంకా ఉంది. చీకటిలో ఏదో చూసి జడుసుకున్నానని అనడానికి లేదు.

మా ఆయన లెక్కపెట్టేటప్పుడు మొదటి చేపను పెట్టేముందు మణికట్టు ఒక్కసారి విదిలించేవాడు, నీళ్ళు కారిపోవడానికి. టీచరమ్మ పొడి కాగితాన్ని అలా విదిలించి పెడుతోంది.

పక్కకు చూస్తే శీనయ్య మొహంలో నెత్తురు లేదు. అతనూ మా పాలెంలో పుట్టినవాడే. చిన్నప్పటి నుంచీ ఆ లెక్క చూసినవాడే.

కూడితే మళ్ళీ అంతే తక్కువ. అధికారికి కోపం వచ్చింది. "ఇలా ఇవ్వండి, నేను చూస్తాను," అని ఒక కట్ట లాక్కున్నాడు. విప్పాడు. అప్పటిదాకా నాకు ఒక ఆశ ఉంది, ఈయన చదువుకున్న మనిషి, పెద్ద ఉద్యోగి, ఈయన చెయ్యి సరిగ్గా నడుస్తుందని.

పై కాగితం ఎడమకు పెట్టాడు. అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. ‘ఒకటి’ అన్నాడు.

ఇరవై ఐదు దగ్గర ఆగి, "ఇది సరిగ్గానే ఉంది కదా," అన్నాడు. కట్ట పక్కన పెట్టి, పై అధికారులకు కాగితం రాయడం మొదలుపెట్టాడు.

ఇక ఆలోచించడానికి వ్యవధి లేదు. లేచి వలను రెండు చేతులతో పట్టుకున్నాను. మొగుడి పేరు పెట్టి పిలిచే అలవాటు మాకు లేదు. ఎప్పుడూ పిలిచినట్టే పిలిచాను. "కావేరి నాయనా! మొదటిదాన్ని కూడా లెక్కలో ఎయ్యి. ఇయ్యి చేపలు కాదు. మనుషులు ఏసిన ఓట్లు. నీ బిడ్డ పడవ ఇసకలో ఉండాది."

అధికారి కలం ఆపి చూశాడు. "ఎవరితో మాట్లాడుతున్నారమ్మా?"

నేను నోరు తెరిచేలోపు శీనయ్య లేచి అన్నాడు. "ఇంకొక్కసారి లెక్కబెట్టించండి సార్."

మళ్ళీ పోలింగు కావాలన్నవాడే అలా అనేసరికి అధికారి ఆశ్చర్యపోయి సరేనన్నాడు. టీచరమ్మ కట్ట విప్పింది. పై కాగితం తీసింది. ఆమె చెయ్యి ఎడమ వైపు కొంచెం కదిలి, గాలిలో ఆగింది. ఎంతసేపు ఆగిందో చెప్పలేను, నాకు చాలాసేపు అనిపించింది. తర్వాత కుడి పక్కకు వచ్చి ‘ఒకటి’ అంది. చివరికి వచ్చేసరికి ఆమె నోరు తెరిచింది. "సార్, దీంట్లో ఒకటి ఎక్కువుంది."

అన్ని కట్టల్లోనూ ఒక్కొక్కటి ఎక్కువే. పొద్దున ఇచ్చిన లెక్కకు పెట్టెలోని లెక్క ఒక్కటి కూడా తేడా లేకుండా సరిపోయింది.

సముద్రపు తేమకు కాగితాలు అతుక్కున్నాయని అధికారి రాసుకున్నాడు. అయి ఉండవచ్చు. మా ఉప్పుగాలికి కాగితాలు మెత్తబడటం నిజమే. ప్రతి కట్టలోనూ ఒక్కటే, అదీ మొదటిదే, మూడుసార్లూ అలాగే ఎందుకు అతుక్కుందో ఆయన రాయలేదు. నేను అడగలేదు.

గుర్తులవారీగా విడదీసి లెక్కపెట్టారు. చెల్లని ఓట్లను ఒక్కొక్కటీ మా ఇద్దరికీ చూపించి పక్కన పెట్టారు. కావేరి కొద్ది ఓట్ల తేడాతో గెలిచింది. శీనయ్య మళ్ళీ లెక్కించమని అడగలేదు. ఇద్దరం సంతకాలు పెట్టాం. అధికారి ఫలితం చదివి, గెలిచినట్టు ధ్రువపత్రం రాసి, ముద్ర వేసి కావేరి చేతికిచ్చాడు.

ఆయన లేచినప్పుడు చూశాను. ప్యాంటు మీద, తొడ దగ్గర, ఒక చేప పొలుసు మెరుస్తోంది. పాలెంలో పొలుసు ఎక్కడైనా అంటుకుంటుంది. అదీ నాకు తెలుసు.

బయట శీనయ్య నా పక్కకు వచ్చాడు. "అత్తా, నువ్వూ చూసినావు గదా?"

"చూసినా."

"ఎవురితోనూ అనబాక." అంతే. ఇప్పటిదాకా నాతో ఎదురుపడితే తల దించుకుని పోతాడు. ఇది చదివితే కోపం తెచ్చుకుంటాడు, తెచ్చుకోనీ.

మరునాడు పెద్దకాపు మాట నిలబెట్టుకున్నాడు. పది మంది వచ్చి మా పడవను నీళ్ళలోకి తోశారు. కావేరి నవ్వింది, అల్లుడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. లెక్క అయ్యాక మొదటిది సముద్రానికి పోవాలి. ఆ రోజు గదిలో లెక్క అయింది, మొదటిదాన్ని నేనే లెక్కలో కలిపించాను, అలల్లోకి ఎవరూ ఏమీ విసరలేదు. ఆ సాయంత్రం ఒక మంచి చేపను తీసుకెళ్ళి విసిరాను. అల దాన్ని తెచ్చి నా కాళ్ళ దగ్గరే పెట్టింది. మళ్ళీ విసిరాను. మళ్ళీ తెచ్చింది. నీరు వెనక్కి తీసే ఆటువేళ తప్ప అలలు అలా తేవడం మామూలే అని నాకు నేను చెప్పుకుని ఇంటికొచ్చాను.

ఆ గదిలో జరిగిందేమిటో నాకు తెలియదు. అలసిన మనుషుల చేతులు ఒకే పొరపాటు చేశాయని ఎవరైనా అంటే కాదనను. అంతకంటే మంచి కారణం ఎవరైనా చెబితే వింటాను. ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

రోజూ పడవలు తిరిగొచ్చే వేళకు ఒడ్డున నిలబడి లెక్కపెడతాను. ఒకటి తక్కువొస్తుంది. మళ్ళీ చూస్తే అన్నీ ఉంటాయి. ఎందుకిలా తక్కువొస్తోందో చాలా రోజులు అర్థం కాలేదు. మా అల్లుడు తొందర మనిషి, అందరికంటే ముందు ఒడ్డు తగిలేది అతని పడవే. మొన్న నా చేతిని నేనే చూసుకున్నాను. ఆ పడవను చూపించిన వేలు ఎడమకు పోయింది. అరచెయ్యి చీరకు తుడుచుకున్నాను. దాని వెనకాల వచ్చిన పడవను చూసి అప్పుడు ‘ఒకటి’ అన్నాను.