వత్తి తుపాకి

నాతో ఎం.ఏ. హిస్టరీ చదివినవాళ్లంతా అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల్లో చేరుతుంటే, నేను ఫిల్మ్ నగర్‌లో ఒక ఆర్ట్ డైరెక్టర్ దగ్గర చేరాను. తీస్తున్నది గోల్కొండ ముట్టడి నాటి కథ. నాన్నకు అస్సలు నచ్చలేదు. "సినిమాలల్ల చరిత్రతోని ఏం పని బిడ్డా?" అన్నాడు.

చేరిన కొత్తలోనే కిరాయి తుపాకులు వ్యానులో దిగాయి. అన్నీ చెకుముకి రాయి ఉక్కుకు తగిలి నిప్పురవ్వ రాల్చే రకం.

"సర్, ఇవి మన దగ్గరికి తర్వాత వచ్చినయి. అప్పటి సిపాయిల చేతిల వత్తి తుపాకులే ఉండె," అన్నాను.

ఆర్ట్ డైరెక్టర్ నవ్వాడు. "చూసేవాళ్లకి తుపాకి తుపాకేనమ్మా."

అయినా ఒక్కటి చేయించి చూపిస్తానని పట్టుబట్టాను. పాత బొమ్మలు ముందు పెట్టుకుని, వడ్రంగితో కూర్చుని నమూనా చేయించాను. పైన వంకీలాంటి కొక్కెం, దాని నోట్లో వత్తిలా రాజుకుంటున్న నూలుతాడు. మీట నొక్కితే కొక్కెం వంగి, గొట్టం పక్కనున్న చిన్న పళ్లెంలోని తుపాకి మందుకు నిప్పంటిస్తుంది. మేం మందు వెయ్యలేదు, తాడు మాత్రం వెలిగించాం.

సినిమా దర్శకుడు నమూనాను చేతిలోకి తీసుకుని మీట నొక్కాడు. నిప్పు నెమ్మదిగా కిందికి వంగింది.

"ఇది అంటించుకునేదాకా శత్రువు ఆగుతాడా అండీ?"

"ఆగడు సర్. అందుకే ముందే అంటించి పెట్టుకునేటోళ్లు. కానీ చీకట్ల ఆ నిప్పు కనవడితే ఎక్కడున్నరో తెలిసిపోతది."

ఆయన తాడు కొసనే చూస్తూ, "అయితే మన సిపాయి దాన్ని దాచుకోవాలి కదా!" అన్నాడు.

అరుపులతో రాసుకున్న పోరాటం ఆ మధ్యాహ్నమే మారిపోయింది. స్టూడియోలో నల్లగుడ్డలు కట్టి తీశారు. బురుజు మీద కుర్ర సిపాయి, నిప్పు కనబడకుండా అరచేయి అడ్డం పెట్టి, చెయ్యి కాలుతున్నా కదలకుండా నిలబడతాడు. వేళ్ల సందుల్లోంచి ఎర్రటి వెలుగు అతని గడ్డం మీద పడింది.

"మిగతా తుపాకులన్నీ వెనక్కి పంపించెయ్. వత్తివే చేయిద్దాం," అన్నాడు ఆర్ట్ డైరెక్టర్ నా వైపు తిరిగి. "తర్వాత సినిమాక్కూడా నువ్వే ఉండాలమ్మా."

ఇంటికెళ్లి చెబితే నాన్న అంతా విన్నాడు. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "చెయ్యి నిజంగ కాలిందా ఆ పిలగానికి?" అని అడిగాడు.

"లేదు నాన్నా, యాక్టింగ్."

"మరి నాకెందుకు గట్ల మంటయితున్నది?" అంటూ తన అరచేయి చూసుకున్నాడు.