పిడికిట్లో తాళాలు

కోట ఊళ్ళో కుట్టుమిషన్లు బాగుచేసే జిలానీ బస్సులో కిటికీ పక్కన కూర్చోడు. ఫిట్స్ వస్తే తల అద్దానికి కొట్టుకుంటుందని ఇవతలి సీట్లోనే కూర్చుంటాడు. కూర్చోగానే జేబులోంచి తాళంచెవుల గుత్తి తీసి చేత పట్టుకుని, ఎక్కేవాళ్ళ ముఖాలన్నీ వెతుకుతాడు. ఆ గుత్తి అతనిది కాదు. పోయిన నెల ఇదే బస్సులో ఫిట్స్ వచ్చి పడిపోయాడు; తెలివొచ్చేసరికి అది అతని పిడికిట్లో ఉంది. ఇనుము పట్టిస్తే మూర్ఛ తగ్గుతుందని ఎవరో పెట్టి, దిగిపోయారు. తాను ఎన్నడూ చూడని, ఫిట్స్ వచ్చినప్పటి తన ముఖాన్ని చూసినవాళ్ళెవరోనన్న ఆలోచన అతన్ని వదలదు.

నిన్న, రొయ్యల కంపెనీలో షిఫ్టు మారి మళ్ళీ ఈ బస్సుకొచ్చిన మస్తానమ్మ ఆ గుత్తిని చూసి ఆగింది.

"నాదే అబ్బయా. నీ పిడికిలి బిగుసుకోనుండె. లాగితే వేళ్ళు యాడ విరుగుతాయోనని వదిలేసి దిగినా."

"మరి ఇంట్లోకి ఎట్టా పోయినావక్కా?"

"తాళం పగలగొట్టుకున్నాలే. ఇప్పుడు కొత్తది వేసినా."

జిలానీ గుత్తిని ఆమె ముందుకు చాపాడు.

"అది వచ్చినప్పుడు నేను ఎట్టుంటానక్కా?"

మస్తానమ్మ స్టాపు వచ్చింది. అతని వేళ్ళను ఒక్కొక్కటే గుత్తి మీదికి మడిచి, దిగిపోయింది.